గ్వానహ్వాతోలో వెండి వెంట నడక: గనులు, మేడలు, మ్యూజియాలు ఎలా చూడాలి

మెక్సికో నడిమధ్యన, సముద్రమట్టానికి దాదాపు 2,000 మీటర్ల ఎత్తున, ఇరుకు లోయలో కుక్కినట్టుగా ఉంటుంది గ్వానహ్వాతో నగరం. మ్యాపులో స్పెల్లింగు చూసి గ్వానాజువాటో అనకండి. స్పానిష్‌లో ఆ జె అక్షరం 'హ' అని పలుకుతుంది, టాక్సీ డ్రైవరుకు మీ మాట అర్థం కావాలి కదా. 1988లో యునెస్కో ఈ ఊరిని, పక్కనున్న గనులతో సహా, ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

చాలామంది ఇక్కడికి ఒక్కరోజుకే వస్తారు. మమ్మీలు చూసి, రంగురంగుల ఇళ్ల ముందు ఫొటోలు దిగి, సాయంత్రం బస్సెక్కేస్తారు. నా సలహా వేరు. 18వ శతాబ్దంలో ప్రపంచంలోనే అత్యధికంగా వెండి తీసిన చోట్లలో ఇదొకటి. ఆ వెండి ఏ వరసలో నడిచిందో మీరూ అదే వరసలో నడవండి. అంటే ముందు గని, తర్వాత రాయి నుంచి వెండిని విడదీసిన హసియెందా, ఆ తర్వాత ఆ డబ్బుతో లేచిన మేడలు, చివరికి వాటి మీద జనం తిరగబడిన కోట. ఈ వరసలో చూస్తే ఒక్కో మ్యూజియం విడివిడిగా కాకుండా ఒకే కథలా పట్టుబడుతుంది. దీనికి రెండు పూర్తి రోజులు కావాలి. మూడుంటే హాయిగా చూడొచ్చు.

బయలుదేరే ముందు

అన్నిటికన్నా ముందు వారం చూసుకోండి. ఇక్కడ మ్యూజియాలకు ఎక్కువగా సోమవారం సెలవు. మేము మొదటిసారి ఆదివారం రాత్రి దిగాం. సోమవారం పొద్దున ఎనిమిదికల్లా నాన్న టోపీ పెట్టుకుని తయారైపోయారు. వరసగా మూడు చోట్లకు వెళ్తే మూడు తలుపుల మీదా 'సెర్రాదో' అన్న అట్టముక్కే. అంటే మూసి ఉంది అని. మీరు మంగళవారం నుంచి శనివారం మధ్యలో పెట్టుకోండి. ఆదివారం మెక్సికో వాళ్లకు ప్రభుత్వ మ్యూజియాల్లో ప్రవేశం ఉచితం కాబట్టి రద్దీ బాగా ఉంటుంది. ఆ ఉచితం విదేశీయులకు వర్తించదు.

అక్టోబరులో సెర్వాంతీనో అనే పెద్ద కళోత్సవం జరుగుతుంది. 1972 నుంచి నడుస్తున్న ఆ ఉత్సవం కోసమే అయితే తప్పక వెళ్లండి. మేడలూ మ్యూజియాలూ నింపాదిగా చూడాలంటే మాత్రం ఆ నెల వద్దు, గది దొరకడమే కష్టం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. నవంబరు నుంచి మార్చి వరకు పగలు బాగుంటుంది, రాత్రి స్వెటర్ కావాలి.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు మెక్సికో వీసా కావాలి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గానీ గ్రీన్‌కార్డు గానీ ఉంటే, దానితోనే టూరిస్టుగా రానిస్తారు. టికెట్ కొనే ముందు కాన్సులేట్ సైటులో ఈ నిబంధన ఇంకోసారి చూసుకోండి. అమెరికాలో ఉంటూ పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిపోయినవాళ్లు తిరుగు ప్రయాణం సంగతి ముందే లాయరును అడిగి తేల్చుకోవాలి. ఆ టెన్షన్ పెట్టుకుని తిరిగితే ఏ మ్యూజియమూ కంటికి ఆనదు.

డాలస్, హ్యూస్టన్ నుంచి సిలావోలోని విమానాశ్రయానికి నేరుగా విమానాలున్నాయి. అక్కడి నుంచి టాక్సీలో అరగంటకు కాస్త అటూఇటూ. మెక్సికో సిటీ నుంచయితే ఉత్తర బస్టాండులో మంచి బస్సులు దొరుకుతాయి, ఐదు గంటల ప్రయాణం. పగటిపూటే ప్రయాణించండి. ఈ రాష్ట్రంలో కొన్ని ఊళ్లలో గొడవలున్నాయి, అద్దె కారుతో రాత్రిళ్లు రోడ్డు మీద ఉండొద్దు. ఊళ్లో అసలు కారుతో పనే లేదు.

హోటల్ బుక్ చేసేటప్పుడు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: టాక్సీ గుమ్మం దాకా వస్తుందా? ఇక్కడ సగం వీధులు మెట్ల సందులే. పెట్టెలు మోసుకుని వంద మెట్లెక్కాలంటే మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మొదటి రోజే నీరసపడిపోతారు. చెప్పులు కాకుండా పట్టున్న బూట్లు వేసుకోండి. రాళ్లు అరిగి నున్నగా ఉంటాయి, వాన పడితే జారుతుంది. ఎత్తు వల్ల మొదటి రోజు కాస్త ఆయాసం ఉంటుంది, నీళ్లు తాగుతూ మెల్లగా నడవండి.

మొదట కొండెక్కి గని చూడండి

పొద్దున్నే వాలెన్సియానాకు వెళ్లండి. ఊరికి ఉత్తరాన, కొండ మీద ఉంటుంది. ఊళ్లో అల్హోందిగా అనే పాత ధాన్యపు గిడ్డంగి ఉంది, దాని దగ్గర ముందు అద్దం మీద 'వాలెన్సియానా' అని రాసి ఉన్న సిటీ బస్సు ఎక్కొచ్చు. టాక్సీ అయితే ఎక్కే ముందే ధర మాట్లాడుకోండి.

ఈ గనిని 1760ల్లో అంతోనియో దె ఒబ్రెగోన్ ఇ అల్కోసెర్ అనే ఆయన పట్టుబట్టి తవ్వించాడు. అందరూ ఇక లాభం లేదనుకున్న చోట భారీ వెండి పొర తగిలింది. 1780లో స్పెయిన్ రాజు ఆయనకు 'వాలెన్సియానా కౌంట్' బిరుదు ఇచ్చాడు. 1803లో ఇక్కడికి వచ్చిన జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్ నాటికి ఈ ఒక్క గనిలో పనిచేసేవాళ్లు మూడు వేలకు పైనే. నిలువు బావి 500 మీటర్లు దాటి లోపలికి దిగుతుంది. దాని అంచున నిలబడి కిందికి చూసే వీలుంటే తప్పక చూడండి.

లోపలికి దిగాలంటే పాత గని నోళ్లు ఉన్నాయి, వాటిని 'బోకామీనా' అంటారు. సాన్ కయెతానో, సాన్ రమోన్ అనే రెండింటిలోకి సందర్శకులను పంపుతారు. హెల్మెట్ ఇస్తారు, గైడు వెంట వస్తాడు. మెట్లు నిటారుగా, తడిగా ఉంటాయి. దిగేటప్పుడు సులువే, ఎక్కేటప్పుడు తెలుస్తుంది. గుండె జబ్బున్నవాళ్లు, ఇరుకు చోట్లంటే భయమున్నవాళ్లు పైనే ఆగిపోవడం మంచిది. గైడు మాట ఎక్కువగా స్పానిష్‌లోనే సాగుతుంది, ఫోనులో అనువాద యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, లోపల సిగ్నల్ ఉండదు.

లోపల ఒక పని చేయండి. ఎక్కేటప్పుడు మధ్యలో ఒకచోట ఆగి గోడ మీద చెయ్యి పెట్టండి. ఇలాంటి దారుల్లోనే 'తెనాతేరో'లు ముడిరాయి బస్తాలు వీపున వేసుకుని పైకి మోసేవారు. ఒక్కో మనిషి వంద కిలోలకు పైగా బరువుతో గంటల తరబడి ఎక్కడం, దిగడం తాను చూసినట్టు హంబోల్ట్ రాశాడు. మీ వీపున చిన్న బ్యాగు, చేతిలో వాటర్ బాటిల్ మాత్రమే ఉంటాయి, అయినా ఊపిరి ఆడదు. ఈ ఊళ్లో తర్వాత చూడబోయే ప్రతి పూతపనికీ ప్రతి షాండ్లియర్‌కూ కింద ఈ మెట్లున్నాయని ఒంటికి తెలియాలనే గనిని మొదట పెట్టమంటున్నాను.

గని నుంచి నేరుగా ఎదురుగా ఉన్న సాన్ కయెతానో చర్చికి వెళ్లండి. 1765లో మొదలుపెట్టి 1788లో పూర్తిచేశారు. గులాబీ రంగు రాతి ముఖద్వారం మీద జానెడు చోటు కూడా ఖాళీ లేకుండా చెక్కారు. లోపల మూడు వైపులా నేల నుంచి కప్పు దాకా బంగారు పూత వేసిన కొయ్య బలిపీఠాలు. సున్నంలో వెండిపొడి, ద్రాక్షసారా కలిపి కట్టారని ఊళ్లో చెప్పుకుంటారు. అది కథే కావచ్చు, కానీ బలిపీఠం ముందు నిలబడితే నమ్మాలనిపిస్తుంది. ఉపదేశ పీఠాన్ని దగ్గరికెళ్లి చూడండి. కొయ్యలో ఎముక ముక్కలు పొదిగిన పని అది. పూజ జరుగుతుంటే ఫొటోలు తీయకండి, టోపీ తీసి లోపలికి వెళ్లండి.

రాయి వెండి అయిన చోటు

మధ్యాహ్నం భోజనమయ్యాక మార్ఫీల్ అనే పేటకు వెళ్లే దారిలో ఉన్న సాన్ గాబ్రియెల్ దె బర్రేరా హసియెందాకు వెళ్లండి. ఊరి నడిబొడ్డు నుంచి రెండు మూడు కిలోమీటర్లు. మార్ఫీల్ వెళ్లే సిటీ బస్సులు ఊరి కింది సొరంగాల్లో ఎక్కాలి. ఈ సొరంగ వీధులు కూడా చూడదగ్గవే. ఒకప్పుడు ఊరి మధ్యగా పారిన నది మార్గమే ఇప్పుడు కార్లు తిరిగే రోడ్డు.

హసియెందా అంటే చాలామంది వ్యవసాయ ఎస్టేటు అనుకుంటారు. ఇక్కడివి 'శుద్ధి హసియెందా'లు, అంటే ముడిరాయిని వెండిగా మార్చిన కార్ఖానాలు. యజమాని ఇల్లు, గుడి, పనివాళ్లు, కంచర గాడిదలు, అన్నీ ఒకే ప్రహరీలో. ఇప్పుడు అక్కడ పాత సామాన్లతో నింపిన ఇల్లు, చిన్న ప్రార్థనామందిరం, చుట్టూ 17 తోటలు ఉన్నాయి. పెళ్లి ఫొటోలకు వచ్చేవాళ్లు ఎక్కువ. నీడ బాగుంటుంది, పిల్లలు పరుగెత్తొచ్చు, పెద్దవాళ్లు బెంచీ మీద కూర్చోవచ్చు.

తోటలు చూసి మురిసిపోండి, కానీ అవి తర్వాత వచ్చినవని మరవకండి. ఆ చోట అసలు జరిగిన పని ఇదీ. మన సున్నం గానుగ తెలుసు కదా, ఎద్దు గుండ్రంగా తిరుగుతుంటే రాతిచక్రం నలిపేది? దానికి దగ్గరి చుట్టమే 'అర్రాస్త్రా'. గాడిదలు గుండ్రంగా తిరుగుతూ బరువైన రాళ్లను ఈడిస్తే, కింద ముడిరాయి నీళ్లతో కలిసి మెత్తటి బురద అయ్యేది. ఆ బురదను పెద్ద రాతి వాకిట్లో పరిచి, ఉప్పు, రాగి సల్ఫేటు, పాదరసం కలిపేవారు. ఇటుకల మట్టి తొక్కినట్టు గాడిదలు, మనుషులు వారాల తరబడి దాన్ని తొక్కేవాళ్లు. పాదరసం వెండిని పట్టుకుని ముద్దయ్యేది. బురద కడిగేసి ఆ ముద్దను కాలిస్తే పాదరసం ఆవిరై వెండి మిగిలేది. బర్తొలోమె దె మెదీనా 1550ల్లో మెక్సికోలోనే పచూకాలో నిలబెట్టిన పద్ధతి ఇది. మూడు వందల ఏళ్లకు పైగా నడిచింది. వట్టి కాళ్లతో ఆ పాదరసపు బురద తొక్కినవాళ్ల ఒళ్లు ఏమై ఉంటుందో ఊహించడానికి డాక్టరు కానక్కర్లేదు.

ఈ వెండికీ మన ఊళ్లకూ సంబంధం లేకపోలేదు. మెక్సికో, పెరూ వెండితో కొట్టిన ఎనిమిది రియాళ్ల నాణేలు యూరప్ చేరి, అక్కడి నుంచి 17వ శతాబ్దంలో డచ్చి, ఇంగ్లిష్ కంపెనీల ఓడల్లో మచిలీపట్నం రేవుకు వచ్చాయి. కోస్తా నేతగాళ్ల నూలు బట్టలు, అద్దకాలు కొన్నది అలాంటి వెండితోనే. ఆ తోటలో కూర్చున్నప్పుడు అమ్మకు ఈ సంగతి చెప్పాను. మా అమ్మమ్మగారిది పెడన. అమ్మ చాలాసేపు ఆ వాకిటి రాళ్లకేసి చూస్తూ ఉండిపోయింది.

ఇంకా ఓపికుంటే మార్ఫీల్‌లోనే జీన్ బైరన్ మ్యూజియం ఉంది. 1905 వరద తర్వాత పాడుబడిన పేట ఇది. కెనడా నుంచి వచ్చిన ఈ కళాకారిణి, స్పెయిన్ అంతర్యుద్ధం చూసి వచ్చిన డాక్టరయిన భర్తతో కలిసి ఒక పాత హసియెందాను బాగుచేసి ఇల్లుగా మార్చుకుంది. వంటింటి గోడల పలకల పని నాకు చాలా నచ్చింది.

రెండో రోజు మేడలు

ఊళ్లో 'ప్లాసా దె లా పాస్' అనే చౌకు నుంచి మొదలుపెట్టండి. పసుపురంగు బసిలికా చర్చి ఎదురుగానే కౌంట్ రుల్ మేడ ఉంది. దియెగో రుల్ వాలెన్సియానా కౌంటుకు అల్లుడు. హంబోల్ట్ బస చేసింది ఈ మేడలోనే. ఈ మేడలో చాలాకాలం ప్రభుత్వ కార్యాలయాలు నడిచాయి. పనిరోజుల్లో కావలివాళ్లను మర్యాదగా అడిగితే లోపలి వాకిలి చూడనివ్వొచ్చు. కుదరకపోతే ముఖద్వారపు స్తంభాలు బయటినుంచే చూసి ముందుకెళ్లండి.

మేడను ఎలా చూడాలో ఒక్కసారి తెలిస్తే తర్వాత అన్నీ సులువు. మన మండువా లోగిలి గుర్తు తెచ్చుకోండి. వీధి తలుపు, ఆ వెనక చీకటి నడవ, అది దాటగానే ఆకాశం కనబడే వాకిలి, చుట్టూ గదులు. ఇక్కడా అంతే, కాకపోతే రాతిపని, రెండంతస్తులు. కింది అంతస్తులో గుర్రాలు, గిడ్డంగులు, లెక్కల గది. పైన కుటుంబం. మెట్లు ఎంత వెడల్పుగా ఉంటే ఆ ఇంటికి అంత గొప్ప. అందుకని లోపలికి వెళ్లగానే పై గదులకు పరుగెత్తకండి. వాకిట్లో నిలబడి ఏ గది ఎవరిదై ఉంటుందో ముందు అంచనా వేయండి.

ఈ చూపుతో పోసీతోస్ వీధిలోని మూసెయో దెల్ పుయెబ్లోకు వెళ్లండి. సాన్ హువాన్ దె రాయాస్ మార్క్వీసుల మేడ అది. రాయాస్ కూడా పెద్ద గనే. లోపల కుటుంబం సొంతానికి కట్టుకున్న ప్రార్థనామందిరంలో హోసె చావెస్ మొరాదో గీసిన గోడచిత్రం ఉంది. గని డబ్బుతో కట్టిన గుడి గోడ మీద, ఆ డబ్బు కథనే చిత్రకారుడు తిరిగి చెప్పాడు. అక్కడ కాసేపు కూర్చోండి.

అదే వీధిలో 47వ నంబరు ఇల్లు, గోడచిత్రాలకు పేరుపడ్డ చిత్రకారుడు దియెగో రివేరా పుట్టినది, 1886 డిసెంబరు 8న. కింది అంతస్తులో ఆనాటి మంచాలు, కుర్చీలు, దీపాలు. పైన ఆయన తొలినాళ్ల బొమ్మలు. గనుల కౌంట్ల మేడ చూసిన వెంటనే ఈ మధ్యతరగతి ఇల్లు చూడటం మంచిది, రెండింటికీ తేడా కళ్లకు కట్టినట్టు ఉంటుంది. గోడల్ని నింపేసే భారీ చిత్రాల కోసం మాత్రం ఇక్కడ వెతకొద్దు, అవి మెక్సికో సిటీలో ఉన్నాయి.

ప్రభుత్వ మ్యూజియాల్లో ఫ్లాష్, ట్రైపాడ్ వాడనివ్వరు. పెద్ద బ్యాగులు కౌంటరులో పెట్టమంటారు. కార్డు పనిచేయని చోట్లుంటాయి, చిల్లర పెసోలు దగ్గరుంచుకోండి.

అల్హోందిగాకు కనీసం రెండు గంటలు

అల్హోందిగా దె గ్రనదీతాస్ అసలు ధాన్యపు గిడ్డంగి. 1798లో మొదలై 1809లో పూర్తయింది. కరువొస్తే ఊరికి మొక్కజొన్న దొరకాలని కట్టించినది. గోడలు కోటలా ఉంటాయి, కిటికీలు చిన్నవి, పైన ఎక్కడో ఉంటాయి. కట్టిన మరుసటి ఏడాదే, 1810 సెప్టెంబరు 28న, స్పెయిన్ పాలన మీద హిదాల్గో అనే పూజారి నడిపించిన తిరుగుబాటు సేన ఊరిమీదికి వచ్చింది. ఈ గిడ్డంగి కట్టించిన అధికారి రియాన్యో, ఊళ్లోని స్పానిష్ కుటుంబాలతో, వాళ్ల వెండితో సహా ఇందులోకే చేరి తలుపు మూయించాడు. 'పీపిలా' అనే గని కార్మికుడు వీపున రాతిపలక కట్టుకుని, తుపాకీ గుండ్లు తప్పించుకుంటూ వెళ్లి ఆ తలుపుకు నిప్పుపెట్టాడని చెబుతారు. రాళ్లు మోసిన వీపే ఆ రోజు డాలు అయింది. తర్వాత లోపల జరిగింది ఊచకోత. రియాన్యో కూడా ఆ పోరులోనే చనిపోయాడు.

టికెట్ కొనే ముందు భవనం చుట్టూ ఒకసారి నడవండి. నాలుగు మూలల్లో పైన తిరుగుబాటు నాయకుల పేర్లు నాలుగు కనిపిస్తాయి: హిదాల్గో, అయెందె, అల్దామా, హిమేనెస్. 1811లో వాళ్లను చంపి, తలలను ఇనుప పంజరాల్లో పెట్టి ఈ మూలలకు వేలాడదీశారు. స్వాతంత్ర్యం వచ్చిన 1821 దాకా, పదేళ్లు అవి అక్కడే ఉన్నాయి. పంజరాలు తగిలించిన కొక్కేలు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటి కిందే పల్లీలమ్మేవాళ్లు, బడి వదిలిన పిల్లలు.

లోపల మెట్ల గోడల మీద మళ్లీ చావెస్ మొరాదో చిత్రాలే, పొద్దున ప్రార్థనామందిరంలో చూసిన చెయ్యిని గుర్తుపడతారు. గదులన్నీ చూడలేకపోయినా రొమువాల్దో గార్సియా ఫొటోలను మాత్రం వదలకండి. 1900 ప్రాంతంలో ఈ ఊళ్లో స్టూడియో నడిపిన ఫొటోగ్రాఫరు. మన టౌనుల్లో పాత స్టూడియోల్లో ఉండేదే, రంగులద్దిన తెర. దాని ముందు దొరసానులతో పాటు మామూలు జనం కూడా ఉన్నదాంట్లో మంచి బట్టలు కట్టుకుని నిటారుగా నిలబడ్డారు. రెండు రోజులుగా మేడల యజమానుల పేర్లే వింటూ వచ్చిన మీకు, పేరు తెలియని ఊరిజనం ముఖాలు కనిపించేది ఇక్కడే.

మిగిలినవి, ఓపికను బట్టి

హువారెస్ థియేటర్‌ను 1903లో దేశాధ్యక్షుడు పోర్ఫీరియో దియాస్ స్వయంగా వచ్చి ప్రారంభించాడు. లోపలి అలంకారం కోసం అరగంట కేటాయించండి. ఆ కాలపు ధనికుల ఇళ్లు చూడాలంటే ప్రెసా దె లా ఓయా చెరువు దాకా వెళ్లే దారిలో సాయంత్రం నడవండి. మేడలు బయటినుంచే కనిపిస్తాయి, చెట్లనీడ ఉంటుంది. సెర్వాంతెస్ నవలలోని నాయకుడు దోన్ కిహోతె బొమ్మలతోనే నిండిన ఒక మ్యూజియం కూడా ఉంది, పిల్లలకు నచ్చుతుంది.

మమ్మీల మ్యూజియం గురించి అందరూ అడుగుతారు. 1865 నుంచి ఇక్కడి శ్మశానంలోని గూళ్లలోంచి తీసిన, సహజంగా ఎండిపోయిన శవాలవి. సమాధికి కట్టాల్సిన రుసుము కుటుంబాలు కట్టలేకపోతే శవాన్ని బయటికి తీసేవారు. అంటే ఆ అద్దాల వెనక ఉన్నవాళ్లలో ఎక్కువమంది బీదవాళ్లే. పసిపిల్లలూ ఉన్నారు. నేను ఒకసారి చూశాను, మళ్లీ వెళ్లను. మీ పిల్లలను మాత్రం తీసుకెళ్లొద్దని గట్టిగా చెబుతాను.

తిండి సంగతి. 1910 నాటి హిదాల్గో మార్కెట్, రైల్వే స్టేషనులాంటి ఇనుప కప్పు కింద, పొద్దున టిఫినుకు బాగుంటుంది. ఈ ఊరి వంట 'ఎంచిలాదాస్ మినేరాస్', గని కార్మికుల పేరు మీద వచ్చినది. ఎండుమిరప ముద్దలో ముంచిన మొక్కజొన్న రొట్టెలు, పైన బంగాళదుంప, క్యారెట్. శాకాహారులు 'సిన్ కార్నె' అనండి, మాంసం వద్దని. అంతటితో ఆగకుండా 'సిన్ మాంతెకా' అని కూడా చెప్పండి. చిక్కుడు గింజల ముద్దలో పందికొవ్వు వేయడం మామూలు.

రెండో రోజు పొద్దు వాలే వేళకు థియేటర్ వెనకనుంచి తాడుబండి ఎక్కి పీపిలా విగ్రహం దగ్గరికి వెళ్లండి. ఎక్కేటప్పుడే చివరి బండి ఎన్నింటికో అడగండి. తప్పిపోతే మెట్ల సందుల్లో దిగాలి, వెలుతురుండగా ఇబ్బంది లేదు, చీకట్లో నలుగురితో కలిసి దిగండి. పైనుంచి ఊరంతా గిన్నెలో పోసినట్టు కనిపిస్తుంది. ముందు పసుపు బసిలికాను పట్టుకోండి, దాని పక్కన రుల్ మేడ. అటు ఎడమకు నలుచదరపు రాతిపెట్టెలా అల్హోందిగా. ఉత్తరాన కొండల్లో, నిన్న పొద్దున మీరు హెల్మెట్ పెట్టుకుని దిగిన వాలెన్సియానా. దీపాలు వెలిగేదాకా అక్కడే ఉండండి.